రాక్షసుల పోటీలో మనిషి పిల్ల: ఈ నవలలు మేమెందుకు చదువుతున్నామంటే

 పోస్టు కాస్త పొడుగే. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి, కానీ చివరి దాకా చదవండి.

ఈ మధ్య గ్రూపులో పెద్దవాళ్ళు కొందరు ఒకటే మాట అంటున్నారు. మన పిల్లలు గ్రూప్-2 పుస్తకాలు, డీఎస్సీ మెటీరియల్ పక్కన పడేసి రక్తం తాగే పిశాచాల ప్రేమ నవలలు చదువుతున్నారు, ఇంత కష్టపడి హాస్టల్ దాకా వచ్చింది ఇందుకేనా అని. ఆ పిల్లలం మేమే. బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మాలో గుడివాడ వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెల్లో పెరిగిన వాళ్ళున్నారు. నాగాయలంక, కోడూరు వైపు పీతలు పట్టుకుని బతికే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళున్నారు. యానాదులం, ఎరుకలం, సుగాలీలం. ఎవరి ఇంట్లో చూసినా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే.

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ నవలలు మాకు ఇష్టం. దొంగచాటుగా కాదు, ఇష్టంగానే చదువుతున్నాం. ఇందులో సిగ్గుపడాల్సింది లేదని, పైగా మనలాంటి వాళ్ళు చదివితే ఆ కథల్లో వేరేవాళ్ళకి కనపడనివి కనపడతాయని చెప్పడానికే ఈ పోస్టు.

ఇప్పుడు మా గదుల్లో తిరుగుతున్న పుస్తకం పేరు 'ద సర్పెంట్ అండ్ ద వింగ్స్ ఆఫ్ నైట్'. రాసింది కారిస్సా బ్రాడ్‌బెంట్ అనే అమెరికా రచయిత్రి, 2022లో వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక సీనియర్ అక్క పండక్కి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్ళింది. న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని, ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరం చదివాం. కథ ఇదీ. రక్తపిశాచులు ఏలే రాజ్యం. అక్కడి రాజు విన్సెంట్ ఒక మనిషి పిల్లని దత్తత తెచ్చి పెంచుకుంటాడు. ఆ పిల్ల పేరు ఒరాయా. ఆ రాజ్యంలో మనుషులంటే వేట. నూరేళ్ళకోసారి మృత్యుదేవత న్యాక్సియా పేరు మీద ఒక పోటీ జరుగుతుంది, దాన్ని కెజారి అంటారు. పరీక్ష మీద పరీక్ష. ఓడిపోవడమంటే చావడమే. చివరికి మిగిలిన ఒక్కరికి దేవత ఒక వరం ఇస్తుంది. ఇక ఎవరికీ వేట కాకుండా బతకాలని ఒరాయా ఆ పోటీలో దిగుతుంది. అక్కడ రైన్ అనే పిశాచ జాతి మనిషితో జట్టు కట్టాల్సి వస్తుంది. వాడు పోటీదారుడే. నమ్మాలా వద్దా తెలీదు. నమ్మినా చివరికి ఇద్దరిలో ఒక్కరే మిగలాలి. ఆ మధ్యలో ప్రేమ. ముగింపు చెప్పం, చదువుకోండి.

ఇందులో మాకేం నచ్చిందంటే, ముందు కత్తియుద్ధాలే నచ్చాయి. అబద్ధం ఎందుకు. తర్వాత ప్రేమ నచ్చింది. కానీ రాత్రి లైట్లు ఆపేశాక అందరం మాట్లాడుకున్నది వేరే విషయం. ఒరాయా ఎంత బాగా పోరాడినా, ఎంత బాగా మాట్లాడినా, ఆమె గదిలోకి రాగానే పిశాచాలందరికీ రక్తం వాసన వస్తుంది. తనెవరో దాచుకోలేదు. రాజు కూతురు హోదా ఉన్నా సరే, ముందు మనిషి పిల్ల, ఆ తర్వాతే ఇంకేదైనా. క్లాసులో స్కాలర్‌షిప్ లిస్టు గట్టిగా చదివినప్పుడు మన పేర్లు రాగానే వెనక్కి తిరిగే తలలు మనకి తెలుసు కదా. ఊరి పేరు చెప్పగానే "కాలనీ వైపా?" అని అడిగేవాళ్ళు తెలుసు కదా. ఎక్కడో అమెరికాలో కూర్చుని రాసిన రచయిత్రికి మన సంగతి తెలీదు. కానీ పేజీ మీద ఉన్నది మాకు తెలిసిన చూపే.

కొందరు అన్నలు ఇవన్నీ విదేశీ పైత్యం అంటున్నారు. అలా అనేముందు మన కృష్ణా జిల్లా వైపు ఒకసారి చూడండి. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమా ఏంటి? రాకుమారిని ప్రేమించిన తోటమాలి కొడుకు. నాకున్నంత ఐశ్వర్యం తెస్తేనే పిల్లనిస్తానన్న రాజు. వీరుడైన కుర్రాణ్ణి దేవతకి బలిచ్చి శక్తులు సంపాదించాలనుకునే మాంత్రికుడు. గుహల్లో ప్రాణాల మీదికొచ్చే పరీక్షలు. ఇది చీకటి ప్రేమకథ కాక మరేంటి? దానికి కథ, మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు చదువుకున్నది మన బందరులోనే, జాతీయ కళాశాలలో. తోటరాముడిగా వేసిన ఎన్టీఆర్ గారిది మన నిమ్మకూరు. మాంత్రికుడు ఎస్వీ రంగారావు గారు పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో. అంటే చావుపోటీ, మంత్రం, ప్రేమ కలిపి వండే వంట మన డెల్టాకి కొత్త కాదు. ఆ సినిమాని మూడు తరాలు చూసి ఆనందించారు. ఎవరూ పాడైపోలేదు.

తోటరాముడిలో మాకు నచ్చేది ఇంకోటుంది. వాడు మాంత్రికుణ్ణి మంత్రంతో గెలవలేదు. సాష్టాంగపడమన్నప్పుడు నాకు రాదు, ఎలాగో చూపించమన్నాడు. చూపిస్తున్న వాణ్ణి దెబ్బ కొట్టాడు. తెలియనితనాన్నే ఆయుధం చేసుకున్నాడు. మొదటిసారి ఆఫీసుకెళ్ళి ఫారం నింపాల్సి వస్తే మనం చేసేదీ అదే కదా, "నాకు తెలీదండీ, మీరు ఒకసారి చూపించండి" అంటూ పని పూర్తి చేసుకొస్తాం.

ఇంకా దగ్గరి కథ చెంచులక్ష్మిది. నరసింహస్వామి సగం సింహం, సగం మనిషి. ప్రేమించింది చెంచుపిల్లని. ఇప్పటి ఇంగ్లీషు నవలల్లో హీరో సగం మృగం అంటే కొత్తగా ఉందంటున్నారు, మనకది అహోబిలంలో గుడి కట్టి మరీ ఉంది. సంక్రాంతి తర్వాత అక్కడ పారువేట ఉత్సవం జరుగుతుంది. స్వామి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. చెంచులు ఆయన్ని అల్లుడంటారు. 1958 నాటి చెంచులక్ష్మి సినిమాలో గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు, అంజలీదేవి గారు వేశారు. ఆ కథలో మాకు బాగా నచ్చేది ఒకటుంది. అక్కడ పరీక్ష పెట్టేది చెంచుపిల్ల. అడవి పనులు నీకొచ్చా అని దేవుణ్ణి అడిగేది ఆమె. అంటే మన విద్యలే సిలబస్, మన పిల్లే ఎగ్జామినరు. అలాంటి పోటీ మళ్ళీ ఏ కథలోనూ మేం చూడలేదు.

ఎందుకంటే మిగతా కథల్లో మన స్థానం వేరు. ప్రేమకథలో మనం వస్తే సోది చెప్పడానికి వస్తాం. శ్రీనివాస కల్యాణంలో సాక్షాత్తూ వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం వేసి ఆకాశరాజు ఇంటికెళ్ళి పద్మావతి మనసులో మాట బయటపెడతాడు. ఎంత గొప్ప సన్నివేశం! కానీ ఆలోచించండి. ఎరుకలసాని చెయ్యి చూసి వేరేవాళ్ళ పెళ్ళి చెప్తుంది. ఆమె పెళ్ళి సంగతి, ఆమె మనసు సంగతి ఎవరూ అడగరు. బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోతుంది, కథ రాజుగారింట్లో నడుస్తుంది.

లేకపోతే మనం మాంత్రికులుగా వస్తాం. తెలుగు నవల్లోనో సినిమాలోనో క్షుద్రవిద్య కావాలంటే కథ అడవిలోకో కొండగూడేనికో వెళ్తుంది. ఎముకలు మెళ్ళో వేసుకుని అర్థంకాని భాషలో అరిచే మనిషి అక్కడ ఉంటాడు. పట్నం నుంచి వచ్చిన హీరో వాణ్ణి చంపుతాడు. ఆ అర్థంకాని భాష ఎవరిదో అమ్మభాష అని ఎవరికీ తట్టదు. యండమూరి గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఊగిపోయి చదివిందని మా లెక్చరర్లు చెప్తారు. మూఢనమ్మకాలు పెంచుతోందని రంగనాయకమ్మ గారు ఏకంగా ఒక పుస్తకమే రాసి ఖండించారు. మేం ఆ నవల కూడా చదివాం. పేజీ తిప్పకుండా ఉండలేకపోయాం, అది నిజం. చదివాక రాత్రి బాత్రూంకి ఇద్దరిద్దరం వెళ్ళాం, అదీ నిజం.

కానీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతబడి చదివేవాళ్ళకి సరదా భయం. ఏజెన్సీలో మన అన్నదమ్ములకి అది ప్రాణం మీదికొచ్చే నింద. ఊళ్ళో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే ఫలానా ముసలాడు చేశాడంటారు. కొడతారు. చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలు చేయాల్సి వచ్చిందంటే ఇది పాతకాలం ముచ్చట కాదు. మాది సముద్రపు ఒడ్డు కాబట్టి మాకు ఆ బాధ తక్కువ అనుకుంటే పొరపాటు. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, ఎరుకలవాళ్ళ మీదా, కొన్ని చోట్ల యానాదుల మీదా పడింది. పుట్టగానే దొంగ. 1952లో చట్టం పోయింది. అనుమానం పోలేదు. చెరువులో చేపలు తగ్గితే ముందు ఎవరి గుడిసె వెతుకుతారో మనకి తెలుసు. పుట్టుకతోనే మాంత్రికుడు, పుట్టుకతోనే దొంగ. రెండూ ఒకే రకం కట్టుకథలు.

అందుకే మేమనేది చదవడం మానేద్దామని కాదు. చదువుతూ ఒక ప్రశ్న పక్కన పెట్టుకుందాం. ఈ కథలో భయపెట్టే పని ఎవరికిచ్చారు? ఎందుకిచ్చారు? ఆ ఇంగ్లీషు నవల మాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం. అందులో రక్తం తాగేది మేడల్లో ఉండే రాజులు, ప్రభువులు. భయపడేది వాడల్లో ఉండే మనుషులు. ఒరాయా రాత్రిళ్ళు ఆ వాడలకి వెళ్ళి, మనుషుల్ని వేటాడే పిశాచాల్ని చంపుతుంటుంది. రాక్షసుడు అడవిలో లేడు, సింహాసనం మీద ఉన్నాడు. ఇది చదవగానే మాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక అమ్మలూ అక్కలూ అడిగే ప్రశ్న. ఆ నవలల్లో హీరో క్రూరుడు కదా, ఆడపిల్లలు అలాంటి వాణ్ణే ప్రేమ అనుకుంటారేమో అని. భయం న్యాయమైనదే. ఈ రకం నవలల్లో చెడ్డవి చాలా ఉన్నాయి. వెంటపడటాన్ని, బంధించడాన్ని ప్రేమ పేరుతో రాసినవి ఉన్నాయి. అవి మాకు నచ్చలేదు, సగంలో వదిలేశాం. ఇంకో సంగతి, ఇవి పెద్దవాళ్ళ పుస్తకాలు. రక్తపాతం ఉంటుంది, పడకగది ఉంటుంది. ఇంటర్ చదివే చెల్లెళ్ళ చేతికి మేం ఇవ్వట్లేదు. కానీ మాకు ఇరవయ్యేళ్ళు. ఓటేశాం. చల్లపల్లి బస్సులో వెనకాలే వచ్చి ఫోన్ నంబరు అడిగేవాడికీ, పుస్తకంలో రైన్‌కీ తేడా మాకు తెలుసు. రైన్ ఆమెని బలహీనురాలు అనుకోడు, ఆమె చేతిలో కత్తి ఉండనిస్తాడు. నవల్లో రాక్షసుణ్ణి ఇష్టపడ్డామని బయట రాక్షసుణ్ణి పెళ్ళి చేసుకోం.

అసలు ఆ నవల్లో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ప్రేమికుడు కాదు, తండ్రి. విన్సెంట్ కూతుర్ని నిజంగానే ప్రేమిస్తాడు. ప్రాణంలా చూసుకుంటాడు. ఆ ప్రేమతోనే, నువ్వు బలహీనురాలివి, బయట అందరూ నిన్ను తినేస్తారు, ఎవర్నీ నమ్మకు అని నూరిపోస్తాడు. మా ఇళ్ళలో అమ్మానాన్నలు పిశాచాలు కారు. చెరువు మేత మోసి, ఎలుక కన్నాల్లో పొగ ఊది, కళ్ళు మండించుకుని మమ్మల్ని చదివించారు. కానీ మా ఊళ్ళలో పదో తరగతితో ఆగిపోయిన ఆడపిల్లలందరూ ఒకటే మాట విని ఆగిపోయారు, "బయట రోజులు బాగాలేవమ్మా" అని. ఆ మాటలో ప్రేమ ఉంది. తలుపుకి గొళ్ళెం కూడా ఉంది. రెండూ ఒకే మాటలో ఉండొచ్చని ఆ నవల చదివాకే మేం పైకి అనుకోగలిగాం.

భయం గురించి ఇంకొంచెం. దివిసీమ వాళ్ళకి దెయ్యాల కథలు ఎందుకమ్మా, ఉప్పెన చాలదా అంటారు మా మామ్మలు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళ మీదికొచ్చింది. వేలమంది పోయారు. చెట్టు పట్టుకుని బతికినవాళ్ళు మా ఇళ్ళలోనే ఉన్నారు. ఆ భయాన్ని వాళ్ళు ఆపలేకపోయారు, ఇప్పటికీ గాలి పెద్దగా వీస్తే లేచి కూర్చుంటారు. నవల్లో భయం అలా కాదు. చాలనుకున్నప్పుడు పుస్తకం మూసేయొచ్చు. గుండె దడదడలాడుతుంది, కానీ మంచం మీద పక్కన స్నేహితురాలు ఉంటుంది. నిజం భయంతో పెరిగినవాళ్ళకి మన చేతిలో ఉండే భయం ఒక హాయి. ఆ హాయి మాకు దక్కకూడదని ఎందుకనుకోవాలి?

ఇప్పుడు అసలు పోటీ సంగతి. సిలబస్ వదిలేశారంటున్నారు కదా. వదల్లేదు. పొద్దున్న అయిదింటికి లేచి మెస్‌లో టీ తాగి అదే చదువుతున్నాం. మన రాష్ట్రంలో ఎస్టీలకి 6 శాతం. ఒక నోటిఫికేషన్లో మనకొచ్చే పోస్టులు ఎన్నో లెక్కపెట్టడానికి ఒక్కోసారి చేతివేళ్ళు చాలు. ఆ పోస్టులకి చదివేది ఎవరు? ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకునే మేమే. నోట్సులు పంచుకునేది మేమే. ఒకరికి వస్తే ఒకరికి రాదు. ఇది ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. మోడల్ టెస్టులో మార్కులు చెప్పకుండా దాచుకునేవాళ్ళూ ఉన్నారు. ఒరాయా, రైన్ జట్టు కట్టిన ఘట్టం చదివిన రాత్రి మొదటిసారి ఈ మాట మా మధ్య వచ్చింది. చివరికి ఒక్కరే మిగలాలన్న నియమం పెట్టింది వాళ్ళిద్దరూ కాదు, దేవత. మరి మన గదిలో ఆ నియమం పెట్టింది ఎవరు? పక్కమంచం పిల్ల కాదు కదా. తక్కువ పోస్టులు వేసింది ఆమె కాదు కదా. కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదే ఉండాలి. ఆ రాత్రి నుంచి మార్కులు దాచుకోవడం తగ్గింది. ఏ కరెంట్ అఫైర్స్ పుస్తకం కూడా మాకీ పాఠం చెప్పలేదు.

ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఇంగ్లీషు పేరా చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళం. అయిదు వందల పేజీల దాకా ఉన్న నవల పూర్తి చేశాం. గ్రామర్ పుస్తకం అంత దూరం తీసుకెళ్ళలేదు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం తీసుకెళ్ళింది. కానీ ఈ లాభం చూపించి అనుమతి అడగడం మాకు ఇష్టం లేదు. డబ్బున్నవాళ్ళ పిల్లలు నవల చదివితే హాబీ అంటారు. మన పిల్లలు చదివితే టైం వేస్టు అంటారు. మనం ప్రతి గంటకీ లెక్క చెప్పాలి, ప్రతి పుస్తకం ఉద్యోగం తేవాలి. ఇదేం న్యాయం? ఊరికే ఆనందం కోసం ఒక పుస్తకం చదువుకునే హక్కు కూడా చదువులో భాగమే. అది లేకపోతే మనం హాస్టల్లో చేరిన కూలీలం, అంతే.

చివరిగా రెండు కోరికలు. ఉద్యోగాలు చేస్తున్న అన్నలూ, అక్కలూ, ఈసారి హాస్టళ్ళకి పుస్తకాలు పంపేటప్పుడు గైడ్లతో పాటు నాలుగు నవలలు కూడా పెట్టండి. తెలుగైనా ఇంగ్లీషైనా సరే, దెయ్యాలున్నా సరే. అట్ట చిరిగినవైనా సరే.

రెండోది మనలో రాయగలిగిన వాళ్ళకి. నాగాయలంక అవతల మడ అడవులున్నాయి. రాత్రిపూట ఆ కాలవల్లో చేపలు వేటాడే బావురుపిల్లి ఉంది. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఏ ఇంగ్లీషు రచయిత్రి కల్పించిన లోకానికీ ఇది తీసిపోదు. అక్కడొక చావుపోటీ పెట్టండి. బురదలో అడుగుజాడ చూసి పీత ఎక్కడుందో చెప్పగలిగే యానాది పిల్లని అందులో దింపండి. ఆమె సోది చెప్పడానికి రాకూడదు, మంత్రగత్తెగా చావకూడదు. ఆమెకి ప్రేమ ఉండాలి, కత్తి ఉండాలి, గెలవాలా ఓడాలా అన్నది ఆమే తేల్చుకోవాలి. ఎవరైనా మొదటి నాలుగు పేజీలు రాసి గ్రూపులో పెడితే చదవడానికి మా గదిలో ఆరుగురం రెడీగా ఉన్నాం. పరీక్షల నెలైనా సరే.